అద్దంలేని కెమెరా, అర్థంలేని పోలిక

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు కోడేరు వచ్చాడు. నాగర్‌కర్నూలులో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీయడం అతని వృత్తి. అలమారలో ఉన్న నా పాత కెమెరాను చూసి, "ఇంకా గీ డబ్బనే పట్టుకొని తిరుగుతున్నవా మామా? ఆరు మెగాపిక్సెళ్ళ కాలం ఎప్పుడో పోయింది. నా దగ్గర ఒక మిర్రర్‌లెస్ ఖాళీగ ఉన్నది, తీసుకో" అన్నాడు. ప్రేమతో అన్న మాటే, కాదనను. అదే వారంలో హైదరాబాదులో చదువుకుంటున్న నా పూర్వ విద్యార్థిని ఒకతె ఫోను చేసి, "సార్, మీది సీసీడీ కెమెరాయే కదా! ఇప్పుడందరూ వాటికోసమే వెతుకుతున్నారు. ఆ రంగులు కొత్తవాటిలో రావట. ఎవరికీ ఇవ్వకండి సార్" అన్నది. ఒకే వస్తువు ఒకరికి చెత్త, మరొకరికి నిధి. ఇద్దరూ నా కెమెరాను గురించే మాట్లాడారు గాని, దానితో నేనేమి తీశానని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఈ టపాకు కారణం అదే.

"కొత్తొక వింత, పాతొక రోత" అని మనకొక సామెత ఉంది. ఇప్పుడది తిరగబడి "పాతొక వింత" కూడా అయింది. పాతదంతా మంచిదీ కాదు, కొత్తదని నిందించనూ రాదు, పరీక్షించి చూసినవాడే వివేకి అన్న భావాన్ని కాళిదాసు తన మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలోనే పెట్టాడు. నాటకానికి చెల్లిన న్యాయం కెమెరాకు చెల్లదా? కనుక పరీక్షిద్దాం.

నాది నికాన్ డీ40. 2006లో విడుదలైంది, నేను మరుసటి ఏడు కొన్నాను. అప్పటికి మా కోడేరు ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. మేనల్లుడు ఇస్తానన్నది అదే సంస్థవారి జెడ్50, 2019 నాటిది. రెంటికీ ఒకే పరిమాణపు సెన్సారు గనుక పోలిక న్యాయమైనదే. పాతదానిలో లెన్సు వెనుక ఒక అద్దం వాలుగా ఉంటుంది. వెలుగు దానిమీద పడి పైకి పోయి, అక్కడి అద్దాల గూటిలో తిరిగి కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం లేచి సెన్సారుకు దారి ఇస్తుంది. ఆ లేచే చప్పుడే మనకు పరిచితమైన 'టక్'. కొత్తదానిలో అద్దం లేదు. సెన్సారు ఎప్పుడూ మేలుకొని ఉండి, తాను చూసినదాన్ని ఒక చిన్న తెరమీద మనకు చూపిస్తుంది. అద్దం తీసేస్తే లెన్సుకూ సెన్సారుకూ నడుమ దూరం తగ్గించవచ్చు. నికాన్‌లో అది 46.5 మిల్లీమీటర్ల నుంచి 16కు దిగింది.

ఇక మొదటి పూర్వపక్షం: "ఆరు ఎక్కడ, ఇరవై ఒకటి ఎక్కడ!" లెక్కలోకి వద్దాం. నా కెమెరా బొమ్మ 3008 చుక్కల పొడవు, 2000 చుక్కల వెడల్పు. కొత్తది 5568, 3712. మొత్తం చుక్కలు దాదాపు మూడున్నర రెట్లు పెరిగినమాట నిజం. కాని పొడవు రెండు రెట్లైనా పెరగలేదు. వైశాల్యంలో పెద్దగా కనిపించే సంఖ్య పొడవులో చిన్నబోతుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే నా బొమ్మ పది అంగుళాల పొడవు వస్తుంది, కొత్తది పద్దెనిమిదిన్నర. గోడకు పెద్ద పటం కట్టేవారికి ఆ తేడా కావాలి. మరి మనలో ఎంతమంది బొమ్మను అచ్చు వేయిస్తున్నాం? చేతిలోని ఫోనులో చూసి వేలితో పక్కకు నెట్టేస్తున్నాం. మామూలు హెచ్‌డీ తెరకు పట్టేవి 1920 ఇంటూ 1080 చుక్కలు, అంటే రెండు మెగాపిక్సెళ్ళు. తక్కినవన్నీ మన అహంకారానికే.

రెండవ పూర్వపక్షం నా విద్యార్థినిది: "సీసీడీ రంగులే వేరు." సీసీడీ 1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టింది. దానిని కనిపెట్టిన విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లకు 2009లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. గొప్పదే. కాని రంగు ఒక్క సెన్సారు నుంచి రాదు. సెన్సారు మీద పరచిన ఎరుపు, పచ్చ, నీలం రంగుల జల్లెడ, ఆ అంకెలను బొమ్మగా మలచే లోపలి గణితం, లెన్సు, అన్నిటికంటె ఆనాటి వెలుగు, ఇన్ని కలిస్తే రంగు. పాత బొమ్మలలో మనకు నచ్చే తియ్యదనంలో చాలా భాగం మన వయసుది. ఆ బొమ్మలో ఉన్నవారిలో కొందరు ఇప్పుడు లేకపోవడం వల్ల వచ్చిన తియ్యదనం అది. దానికి సీసీడీ అని పేరుపెట్టి అంగడిలో అమ్ముకోవడం నాకు సమ్మతం కాదు.

కొత్తదాని గుణాలను దాచను. దాస్తే వాదం కాదు, వకాల్తా అవుతుంది. సింగోటం జాతరలో చీకటి పడ్డాక నా కెమెరా చేతులెత్తేస్తుంది. దాని ఐఎస్ఓ మామూలుగా 1600 దగ్గర ఆగిపోతుంది, అప్పటికే బొమ్మంతా రవ్వ చల్లినట్టు ఉంటుంది. కొత్తది 51200 దాకా పోతుంది. అంత ఎత్తున అదీ బాగుండదు గాని, మూడువేలు, ఆరువేల దగ్గర నిశ్చింతగా తీస్తుంది. నాదానికి ఫోకసు బిందువులు మూడు, దానికి 209. అది మనిషి ముఖాన్ని తనంతట తానే పట్టుకుంటుంది. నాది వీడియో తీయనే తీయదు. పైగా అరవై దాటిన నా కళ్ళకు, ఆ చిన్న తెరలో బొమ్మను పెద్దది చేసి అక్షరం తేటగా ఉందో లేదో చూసుకునే వీలు మహోపకారం. బ్యాటరీ విషయంలో మాత్రం నా ముసలిదే మేలు. ఎప్పుడూ మేలుకొని ఉండేవాడికి ఆకలి ఎక్కువ. నా పాత లెన్సులో మోటారు ఉన్నది గనుక, ఒక అడాప్టరు పెడితే కొత్తదానిమీద కూడా అది ఫోకసు చేస్తుంది. కాబట్టి పాతది కొత్తదానికి శత్రువు కానక్కరలేదు.

ఇంతవరకు వాదం సరితూగింది. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

2009 మాఘమాసంలో, కృష్ణాతీరాన ఒక పల్లెలోని పాత గుడి ముందు సగం పాతుకుపోయిన శాసనం ఒకటి చూశాను. మా ప్రాంతంలో శాసనాలు కొత్త కావు. గోనవారు ఏలిన వర్ధమానపురం, నేటి నందివడ్డెమాను, మా జిల్లాలోదే. మధ్యాహ్నం చూస్తే ఆ రాయిమీద అక్షరాలు ఉన్నట్టే తోచలేదు. మరునాడు తెల్లవారి ఏడింటికి వెళ్ళాను. పక్కింటివారిని అడిగి గోడకు తగిలించే అద్దం తెచ్చి, ఎండను దానిమీద పట్టి, రాయికి పక్కనుంచి ఏటవాలుగా పడేట్టు తిప్పాను. అంతే, చెక్కిన ప్రతి గాటులోను నీడ నిండి అక్షరాలు లేచి నిలబడ్డాయి. కెమెరాలోని అద్దాన్ని గురించి ఇంత చర్చ చేస్తున్నాం గాని, ఆనాడు నాకు ఉపకరించింది గోడ అద్దం.

ఆ రాయి వెడల్పు రెండడుగులు. 2000 చుక్కలు దాని వెడల్పంతా పరచుకుంటే మిల్లీమీటరుకు మూడు చుక్కలకు పైగానే. అంగుళం ఎత్తు అక్షరానికి ఎనభై చుక్కలు. చదవడానికి అంతకంటె ఏమి కావాలి? చెరువు కింద గుడికి ఇచ్చిన భూమి, దాని ఎల్లలు, చివర ఆ దానాన్ని అపహరించినవాడికి శాపం, ఇవి చదివి నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను.

పదేళ్ళ తరువాత మేనల్లుడు తన అద్దంలేని కెమెరాతో అదే రాతిని తీశాడు. మిట్టమధ్యాహ్నం తీశాడు. ఎంత అందమైన బొమ్మ! రాతిమీది నాచు, చీమ, పగుళ్ళు అన్నీ లెక్కపెట్టవచ్చు. అక్షరం ఒక్కటీ చదవరాదు. తప్పు కెమెరాది కాదు. అదే కెమెరాను తెల్లవారి ఏడింటికి పట్టుకొని ఉంటే నా బొమ్మను తలదన్నే బొమ్మ వచ్చేది. ఇరవై ఒక్క మెగాపిక్సెళ్ళు ఉన్నాయి కదా అన్న ధీమాతో వేళను వెతకలేదు, అంతే.

మళ్ళీ తీద్దామని మేము వెళ్ళేసరికి ఆలస్యమైంది. గుడికి జీర్ణోద్ధారణ జరిగింది. భక్తితోనే చేశారు, సందేహం లేదు. రాతిని కడిగి, పై పొర చెక్కి, ఎర్రటి ఎనామిల్ రంగు దట్టంగా వేసి, దాతల పేర్లు రాశారు. పాత దానపు ఎల్లలు, పాత దాత పేరు ఆ రంగు కింద లేవు. ఇప్పుడు నాకు తెలిసినంతలో ఆ శాసనానికి మిగిలిన సాక్ష్యం నా 'గీ డబ్బ' తీసిన ఒక్క బొమ్మ, నా నోటుపుస్తకంలో ఒక పుట.

దీనినిబట్టి పాత కెమెరా గెలిచిందని చప్పట్లు కొట్టకండి. ఆ బొమ్మ కూడా ఇంచుమించు పోయింది. 2014లో నా కంప్యూటరులోని హార్డుడిస్కు ఒకరోజు కిటకిటమని శబ్దం చేసి ఆగిపోయింది. అందులో ఏడేళ్ళ బొమ్మలున్నాయి. మా అమ్మ చివరిసారి తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చిన సాయంత్రం ఉంది. అవి మళ్ళీ రాలేదు. శాసనం బొమ్మను మాత్రం ఒక శిష్యుడు అడిగితే సీడీలో వేసి ఇచ్చాను. అతడు దానిని దాచి ఉంచడం వల్ల ఆ రాయి మిగిలింది, మా అమ్మ మిగలలేదు. ఆ నష్టానికి కెమెరా పాతదైనా కొత్తదైనా ఒకటే. తప్పు పూర్తిగా నాది. వేల రూపాయలు కెమెరాకు పెట్టి, రెండో ప్రతికి సోమరినయ్యాను.

మన పూర్వులు ఈ విషయంలో మనకంటె జాగ్రత్తపరులు. హైదరాబాదులో ఆరవ నిజాం కొలువులో ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన గాజు పలకలు 2,800కు పైగా నేటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. మీటర్లు, మెగాపిక్సెళ్ళు లేని కాలపు పనిని అంకెలు వేసి దాచారు గనుక ఈనాడు చూస్తున్నాం. శాసన పరిశోధకులు రాతిమీద తడి కాగితం పరచి, కుంచెతో గాట్లలోకి కొట్టి, సిరా అద్ది ప్రతి ఎత్తేవారు. లక్ష్మణరాయ పరిశోధక మండలివారు అటువంటి శ్రమతోనే తెలంగాణా శాసనాలు అచ్చు వేశారు. వారి చేతిలో ఉన్నది కాగితం, సిరా. వారికి తెలిసినది ఏ రాయి, ఏ ఊరు, ఏ తేదీ అన్నది రాసి పెట్టడం.

1980ల ఆరంభంలో శ్రీశైలం జలాశయపు నీళ్ళు వెనక్కు తన్నినప్పుడు ఈ తీరంలో ఊళ్ళు మునిగాయి. సోమశిల, జటప్రోలు గుళ్ళను విప్పి ఎత్తుమీద మళ్ళీ కట్టారు. గుళ్ళు లేచాయి, కాని ఇళ్ళు, వాకిళ్ళు, రచ్చబండలు లేవలేదు. ఆనాడు నాకు ఇరవై ఏళ్ళు, చేతిలో ఏ కెమెరా లేదు. ఆ వీధుల బొమ్మ ఒక్కటి, ఎంత మసకదైనా సరే, ఎవరైనా నా ముందు పెడితే ఎన్ని మెగాపిక్సెళ్ళని అడుగుతానా? ఏ వీధి, ఎవరి ఇల్లు అని అడుగుతాను. దానికి జవాబు బొమ్మ వెనుక రాసి ఉండాలి.

కాబట్టి నా సిద్ధాంతం ఇది. రాత్రి జాతరలు, పరుగెత్తే పిల్లలు, పిట్టలు తీయదలచినవారు, నా వంటి కంటిచూపు కలవారు నిరభ్యంతరంగా అద్దంలేని కెమెరా కొనండి. పగటి వెలుగులో కదలని వస్తువులు తీసేవారు ఉన్న పాతదానిని పారవేయకండి. మిగిలిన డబ్బుతో ఒక ముక్కాలిపీట, రెండు డిస్కులు కొనండి. ఒక ప్రతి ఇంట, ఒక ప్రతి మరొక ఊళ్ళో బంధువుల ఇంట ఉంచండి. కెమెరా గడియారాన్ని నమ్మకండి. నాది ఎన్నోసార్లు తప్పుడు తేదీ వేసింది. ఊరు, తేదీ, మనుషుల పేర్లు చేత్తో రాయండి. బొమ్మ మంచిదా కాదా అన్న తీర్పు పదేళ్ళ తరువాత, అందులోని వస్తువు లేనప్పుడు వస్తుంది.

మేనల్లుడి కెమెరా తీసుకున్నాను. కాదనడానికి నాకు కారణం లేదు. బదులుగా అతనికి ఆ గోడ అద్దం వంటిదే ఒకటి కొనిచ్చాను. "పొద్దున ఏడింటికి లేవాల్నా మామా?" అన్నాడు. "ఆరింటికే లేవాలి, ఏడింటికి రాతి దగ్గర ఉండాలి" అన్నాను. వచ్చే ఆదివారం మరొక రాయి ఉంది. దానిమీద ఇంకా ఎవరూ రంగు వేయలేదు.