ఇంట లేని అక్షరం బడిలో ఎక్కడిది?

మా మనవరాలికి పదేళ్ళు. 2020లో బడులు మూతబడినప్పుడు ఇంట్లో మొదలుపెట్టిన చదువును, బడులు తెరిచాక కూడా మా అబ్బాయీ కోడలూ మానిపించలేదు. ఆర్.ఎస్. పురంలో మా యింటి ముందుగదే దాని తరగతి. మొన్న ఏం చదువుతోందా అని చూస్తే అమెరికా నుంచి తెప్పించిన పాఠం: వలసకాలంలో అక్కడి కుటుంబ జీవితం. వెన్న చిలకడం, కొవ్వొత్తులు పోయడం, నూలు వడకడం, తండ్రి దగ్గర పని నేర్చుకొనే కొడుకు, తల్లి దగ్గర అక్షరాలు దిద్దే కూతురు, అన్నీ బొమ్మలతో సహా. వెన్న తీసే పీపా బొమ్మ మీద వేలు పెట్టి, "తాతా, మనింట్లో వెన్న దేంతో తీస్తా వుండిరి?" అని అడిగింది. కవ్వం అటకమీద వుంది. అమెరికా పుస్తకం వచ్చి గుర్తుచేసేదాకా దాన్ని దించాలని మాలో ఎవరికీ తోచలేదు.

ముందు నాకు కోపమే వచ్చింది. నాయకరాజుల నాటినుంచీ యీ నేలమీద వున్న తెలుగువాళ్ళ పిల్లకు మసాచుసెట్స్ వంటింటి గొడవ ఎందుకని. తర్వాత నేనూ కూర్చుని చదివాను. కోపం పుస్తకం మీదనుంచి మనమీదికి తిరిగింది.

1642లో మసాచుసెట్స్ బే వలసరాజ్యం ఒక చట్టం చేసింది. పిల్లలకూ, ఇంట్లో వుండి పని నేర్చుకొనే కుర్రవాళ్ళకూ చదవడం వచ్చేటట్టు చూడవలసిన బాధ్యత తల్లిదండ్రులది, యజమానులది. తప్పినవాళ్ళకు జరిమానా. ఆ చట్టంలో బడి ప్రసక్తే లేదు. యాభై ఇళ్ళున్న ప్రతి ఊరూ అక్షరాలు నేర్పే మనిషిని పెట్టుకోవాలన్న చట్టం వచ్చింది 1647లో. అంటే ముందు ఇల్లు, తర్వాత బడి. పిల్ల చేతికిచ్చేది పిడి వున్న చిన్న చెక్క. దానిమీద అక్షరాల కాగితం, కాగితం మాయకుండా పైన పలుచని కొమ్ము పొర. వంటపని చూసుకుంటూనే తల్లి దాన్ని చదివించేది.

మరి మనమో? 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళం నేర్చుకోవడాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటేటా ఒక్కో తరగతికి ఎక్కుతూ అది 2015–16కు పదో తరగతిని చేరింది. మినహాయింపుల కోసం మనవాళ్ళు కోర్టు మెట్లెక్కారు. ఆ పోరాటం తప్పని నేననను. మైనారిటీకి దక్కవలసింది దక్కి తీరాలి. కానీ ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోకండి. ఇంట్లో 'అ ఆ'లు దిద్దించకూడదని ఏ చట్టం చెప్పింది? సాయంత్రం అరగంట కూర్చోబెట్టి ఒక పుట చదివిస్తే ఏ అధికారి వచ్చి అడ్డుపడ్డాడు?

ఈ నేరంలో మొదటి ముద్దాయిని నేనే. మా తాత పత్తి వ్యాపారం లెక్కలు మణుగులూ వీశెలూ కట్టి తెలుగులోనే వ్రాసుకున్నాడు. ఆ పుస్తకాలు మా యింట్లో వున్నాయి. మా అబ్బాయి వాటిని తిరగేసి చూసి మూసేస్తాడు, చదవలేడు. వాడు మాట్లాడేది తెలుగే, కలలో పలవరించేదీ తెలుగే. అక్షరం నేర్పవలసిన వయసులో నేను బడిని నమ్ముకున్నాను. బడిలో తెలుగు లేకపోతే బడిని తిట్టుకుంటూ కూర్చున్నాను.

"మాట వుంది కదా, వందల ఏళ్ళుగా నిలిచింది కదా, అక్షరం లేకపోతే ఏం?" అంటారు కొందరు. ఏమవుతుందో కళ్ళముందే వుంది. తెలుగువాళ్ళు దక్షిణాదికి తరలివచ్చిన కథను తెలుగింటి బిడ్డడైన కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం'గా వ్రాశారు. వ్రాసింది తమిళంలో. ఆయన్ను తప్పుపట్టే అర్హత మనకు లేదు. తమిళానికి అదొక నిధి. కానీ మన వలస కథను మనం పొరుగు లిపిలో చదువుకోవలసి వచ్చిందన్న సంగతి మనల్ని కొంచెమైనా బాధపెట్టవద్దా?

ఆ అమెరికాలోనే మనలాంటివాళ్ళూ వుండినారు. పెన్సిల్వేనియాకు వలసవచ్చిన జర్మన్లను చూసి, వీళ్ళు మనలో కలవరు, మనల్నే జర్మన్లను చేసేస్తారని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1751లో వాపోయాడు. వాళ్ళు 1743 నాటికే జర్మన్‌టౌన్‌లో తమ భాషలో బైబిలు అచ్చువేసుకున్నారు. వాళ్ళలో ఆమిష్ కుటుంబాలు ఈనాటికీ ఇంట్లో ఆ పాత జర్మన్ యాసే మాట్లాడుతున్నాయి.

ఇంకొక కథ మరీ గట్టిది. 1663లో అదే మసాచుసెట్స్‌లో అక్కడి ఆదివాసుల భాషలో బైబిలు అచ్చయింది. వాళ్ళ నేల పోయింది, 19వ శతాబ్దంలో మాటా పోయింది. 1993 నుంచి జెస్సీ లిటిల్ డో బేర్డ్ అనే వాంపనోగ్ తల్లి, ఆ బైబిలునూ పాత దస్తావేజులనూ ఆధారం చేసుకొని ఆ భాషను తిరిగి నేర్చుకుంది. తన బిడ్డను ఉయ్యాలనుంచే అందులో పెంచింది. వాళ్ళకు మాట పోయినా రాత మిగిలింది, కాబట్టి మాట తిరిగి వచ్చింది. మనకు మాట మిగిలి రాత పోతోంది. రేపు మాట కూడా పోతే దేన్ని పట్టుకొని వెనక్కు వస్తాం?

అయితే ఆ కాలపు ఇంటిని నేను దేవుడి గదిలో పెట్టి పూజించమనడం లేదు. ఆ వలసరాజ్యాల్లోనే ఒకటైన దక్షిణ కరోలినాలో, బానిసలకు రాత నేర్పినవాళ్ళకు జరిమానా వేస్తామని 1740లో చట్టం చేశారు. మన బిడ్డకు అక్షరం, పక్కవాడి బిడ్డకు అరదండం! అది చదివినప్పుడు నాకు మన వీధులే గుర్తుకొచ్చాయి. తెల్లవారుజామున కోయంబత్తూరు వీధులు ఊడ్చే అరుంధతీయులలో ఎందరో ఇంట్లో మాట్లాడేది తెలుగే. తెలుగు సభలకు పందిళ్ళు వేసేటప్పుడు వాళ్ళను మనవాళ్ళలో లెక్కపెట్టామా? జనాభా లెక్కలో మన సంఖ్య పెరగడానికి వాళ్ళు కావాలి, పీటవేసి కూర్చోబెట్టడానికి మాత్రం అక్కరలేదా?

అందుకని మా యింట ఒక ఏర్పాటు చేసుకున్నాం. అమెరికా పాఠం అట్లాగే వుంటుంది, కానీ ప్రతి పుటకూ ఎదురుగా మన పుట ఒకటి మనవరాలు తెలుగులో వ్రాయాలి. అక్కడ పీపా, ఇక్కడ కవ్వం. అక్కడ రాట్నం, ఇక్కడ పత్తి లెక్కల పుస్తకం. అవ్వను అడిగి వ్రాస్తుంది, నేను తప్పులు దిద్దుతాను. శనివారం సాయంత్రం ముందుగది తలుపు తీసే వుంటుంది. ఏ కులం బిడ్డ అయినా, ఏ వీధి బిడ్డ అయినా పలక పట్టుకొని రావచ్చు. మొదటి వారం ఇద్దరు వచ్చారు.

మీ యింటి ముందుగది తలుపు సంగతి ఏమిటి?