తాలు ఏది, గింజ ఏది?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాన్ని 'ధాన్ కా కటోరా', అనగా వడ్లగిన్నె, అని పిలవడం పరిపాటి. 2023–24 ఖరీఫ్‌లో ఆ రాష్ట్రం సేకరించిన ధాన్యం దాదాపు 145 లక్షల టన్నులు. అమ్మిన రైతులు 24 లక్షలకు పైబడినవారు. ధాన్యం కొనుగోలును అక్కడ 2007లోనే కంప్యూటరీకరించారు. కనుక రాయపూరు పరిసరాలలోని కొనుగోలు కేంద్రంలో కాటా ఎంత ముఖ్యమో కంప్యూటరూ అంతే ముఖ్యం. రైతు పేరు, పొలం విస్తీర్ణం, తూకం, రావలసిన సొమ్ము అన్నీ ప్రోగ్రాము చేతిలో ఉన్నాయి. కాటాను తనిఖీ చేసి ముద్ర వేయడానికి తూనికలు కొలతల శాఖ ఉన్నది. మరి ప్రోగ్రామును తనిఖీ చేసేదెవరు?

ప్రభుత్వ ప్రోగ్రాములను ప్రజల వాడకంలోకి తెచ్చే ముందు, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 'సెర్ట్-ఇన్' జాబితాలోని పరీక్షకుల చేత వాటిని పరీక్ష చేయించాలన్నది నియమం. అయితే లక్షలాది పంక్తులు గల మూలపాఠాన్ని, అంటే ప్రోగ్రామర్లు రాసిన సోర్స్‌కోడ్‌ను, మనిషి కూర్చుని చదవడం అయ్యే పని కాదు. అందుకని ప్రోగ్రాములను చదివే ప్రోగ్రాములు పుట్టాయి.

వీటిలో పేరుమోసిన తొలి ప్రోగ్రాము 1978లో బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ రాసిన 'లింట్'. బట్టకు అంటుకునే నూలుపీచుకు ఇంగ్లీషులో అదే పేరు. అప్పట్లో దొంగల భయం లేదు. పొరపాట్లను ఏరివేయడమే దాని పని. 1988 నవంబరు 2న ఒక విద్యార్థి వదిలిన 'పురుగు' అమెరికాలో వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసిన తర్వాత అందరికీ కళ్ళు తెరుచుకున్నాయి. ఆ పురుగు దూరిన కంతలలో ఒకటి 'గెట్స్' అనే చిన్న ఆజ్ఞ. సంచి ఎంత పడుతుందో చూడకుండా గింజలు పోస్తూనే ఉండే కూలివాని వంటిది అది. దీనిని పట్టుకోవడానికి గొప్ప తెలివి అక్కరలేదు, పేరు వెదికితే చాలు. అయినా సి భాష ప్రామాణిక గ్రంథం నుండి దానిని తొలగించేసరికి 2011 వచ్చింది!

తర్వాతి తరం పరీక్షకులు ఇంకా లోతుకు దిగాయి. రైతు నెంబరు అడిగిన గడిలో ఒక ఆగంతకుడు నెంబరుకు బదులు, 'బ్యాంకు ఖాతాల అంకెలన్నీ ఇట్లా మార్చు' అని అర్థమిచ్చే ఆజ్ఞను టైపు చేశాడనుకుందాం. ప్రోగ్రాము దానిని ఉన్నదున్నట్లు లోపలి పట్టికలకు అందిస్తే, పట్టికలు ఆ ఆజ్ఞను శిరసావహిస్తాయి. బయటి నుండి వచ్చినవారు కాళ్ళు కడుక్కున్నాకే ఇంట్లోకి రావాలన్నది మన ఇళ్ళలోని ఆచారం. పరీక్షకుడు చూసేది కూడా ఇదే. బయటి నుండి వచ్చిన ప్రతి సమాచారానికీ ఒక గుర్తు పెడుతుంది, అది నడవగల దారులన్నిటిలోనూ దాని వెంట నడుస్తుంది, ఎక్కడైనా కాళ్ళు కడుక్కోకుండా లోపలి గదిలో అడుగు పెట్టిందా అని చూస్తుంది.

చిక్కల్లా, బయటి నుండి వచ్చినదేదో గుర్తుపట్టడంలోనే ఉన్నది. 2014 ఏప్రిల్‌లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' ఇందుకు సాక్ష్యం. ఇంటర్నెట్‌లో రహస్య సంభాషణకు లోకమంతా వాడే 'ఓపెన్ ఎస్ఎస్ఎల్'లో ఒక ఏర్పాటు ఉన్నది. 'బతికే ఉన్నావా? ఉంటే ఈ నాలుగక్షరాల మాట తిరిగి చెప్పు' అని ఒక కంప్యూటరు అడుగుతుంది, రెండవది చెబుతుంది. పంపింది నాలుగక్షరాలే అయినా 'అరవై వేల అక్షరాలు' అని అబద్ధమాడితే? రెండవది లెక్క చూడదు. ఆ మాటతోపాటు పక్కన జ్ఞాపకంలో ఉన్న సంకేతపదాలు, తాళపుచెవులు అన్నీ కలిపి అప్పజెబుతుంది. 2012 మార్చిలో విడుదలైన ఆ లోపం రెండేళ్ళు అట్లాగే ఉండిపోయింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధన నుండి పుట్టిన ప్రసిద్ధ పరీక్షకుడు 'కవెరిటీ' కూడా దానిని చూడలేకపోయింది. ఆ తర్వాత దాని ఇంజనీర్లు ఒక సూచన కనిపెట్టారు: నెట్‌వర్కు నుండి వచ్చిన సంఖ్యలను వాడే ముందు వాటి బైట్ల వరుసను తారుమారు చేయడం వాడుక, కాబట్టి ఎక్కడ అట్లా తారుమారు చేస్తున్నారో అక్కడి సంఖ్యను పరాయిదిగా ఎంచవలెను. ఈ సూత్రం నేర్పగానే హార్ట్‌బ్లీడ్ దొరికింది. దొంగ పోయిన తర్వాత దొరికిన ఆనవాలే, అయినా మంచి ఆనవాలు.

ఎంత నేర్పినా ఇది సంపూర్ణం కాదని గణితశాస్త్రం 1953లోనే తేల్చింది. ఏ ప్రోగ్రామును ఇచ్చినా అది నడిచే తీరును గురించి తప్పకుండా నిజం చెప్పగల ప్రోగ్రాము ఉండదు. కొన్ని లోపాలను వదిలేయాలి, లేదా లేని లోపాలను ఉన్నాయనాలి. దీనిని నిరూపించినాయన పేరు హెన్రీ గోర్డన్ రైస్ కావడం వడ్ల రాజ్యంలో చెప్పుకోదగిన ముచ్చట.

ఆ విధంగా గింజతోపాటు తాలు తప్పదు. తాలు ఎంతవరకు భరించవచ్చు? కవెరిటీ నిర్మాతలు 2010లో రాసిన వ్యాసంలో అనుభవం మీద ఒక లెక్క చెప్పారు. ఉత్త హెచ్చరికలు నూటికి 30 మించితే జనం ఆ పరీక్షకుణ్ణే పట్టించుకోవడం మానేస్తారు. అంతకన్నా విచిత్రం, హెచ్చరిక నిజమైనదే అయినా వివరణ అర్థం కాకపోతే ప్రోగ్రామరు దానిని తాలు కింద కొట్టివేస్తాడు. లోపం కనిపెట్టడం కన్నా నచ్చజెప్పడమే కష్టమని వారి మాట.

యంత్రానికి బొత్తిగా అంతుపట్టని లోపం మరొకటున్నది. ఒక రైతు తన ఖాతాలో ప్రవేశించి, తన నెంబరుకు బదులు పొరుగు రైతు నెంబరు కొట్టాడు. పొరుగువాని లెక్కలు తెర మీదికి వచ్చాయి. ఛత్తీస్‌గఢ్ ప్రోగ్రాములో ఇట్లా ఉన్నదని కాదు, ఉదాహరణకు మాత్రమే. ఇక్కడ అంకెలు శుభ్రమైనవే, కాళ్ళు కడుక్కునే వచ్చాయి. వచ్చింది పరాయి ఇంటికి. ఏ పొలం ఎవరిదో మూలపాఠంలో రాసి ఉండదు గనుక యంత్రం సాధారణంగా ఊరుకుంటుంది. అప్పుడు పరీక్షకుడైన మనిషి ఇద్దరు రైతుల పేరిట రెండు నమూనా ఖాతాలు తెరుస్తాడు. మొదటి ఖాతాలో కూర్చుని రెండవవాని నెంబరు కొడతాడు. తెర మీద ఎవరి లెక్క వచ్చిందో చూసి రాసుకుంటాడు.