పాత డీజిల్ కారు: కొనుగోలు చవక, పోషణ ప్రియం

మదురై నుంచి తిరుచ్చికి పోయే నాలుగు వరుసల రహదారిపై, మదురైకి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నది మేలూరు. రోడ్డు బాగుపడిన చోట వేగంపై మోజు పెరగడం సహజం. ఒకనాడు సంపన్నులకే అందిన ఆక్టేవియా టీడీఐ, కుర్రకారు కలలుగన్న పోలో జీటీ టీడీఐ వంటి వాహనాలు నేడు పాతబండ్ల విపణిలో కొత్త చిన్నకారు కన్నా తక్కువ ధరకు లభిస్తున్నాయి. కొడుకు కొందామంటాడు, తండ్రి వెనుకాడతాడు. ఇరువురి వాదనలోనూ కొంత న్యాయమున్నది. తేల్చవలసింది లెక్క.

ఈ వాహనాల ఆకర్షణ కల్పితం కాదు. 2013లో వచ్చిన పోలో జీటీ టీడీఐ ఇంజను శక్తి 105 పీఎస్, టార్క్ 250 న్యూటన్ మీటర్లు. చిన్న కారుకు అది పెద్ద బలమే. ఆనాటి ధరలు కూడా డీజిల్‌కే అనుకూలించాయి. 2012 మే నెలాఖరున ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటగా, డీజిల్ 41 రూపాయల లోపే ఉండేది. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధరపై నియంత్రణను ఎత్తివేసింది. 2025 నాటికి చెన్నైలో ఆ వ్యత్యాసం 8 రూపాయలకు అటూ ఇటూగా కుదించుకుపోయింది. నాటి లెక్కతో నేడు బండి కొనడం, చెల్లని కాసుతో సంతకు పోవడమే.

ఉదాహరణకు డీజిల్ కారు లీటరుకు 18 కిలోమీటర్లు, అదే తరగతి పెట్రోలు కారు 15 కిలోమీటర్లు నడుస్తాయనుకుందాం. 2025 నాటి చెన్నై ధరలతో కిలోమీటరుకు మిగిలేది సుమారు 1 రూపాయి 60 పైసలు. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఏడాదికి 11,500 రూపాయలు మిగులుతాయి. రోజూ మదురైకి పోయి వచ్చే ఉద్యోగి నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే, పొదుపు 29,000 రూపాయల వరకు ఉంటుంది. అయితే ఇంజెక్టర్లు మార్చవలసి వచ్చినా, టర్బో చెడినా మొదటి ఇంటి ఏడాది పొదుపు ఒక్క రోజులో హరించుకుపోతుంది. పెరియార్ కాలువ నీటిని నమ్ముకున్న సేద్యపు ఇంట ఆదాయం పంటకాలంలోనే వస్తుంది. మరమ్మతు ఖర్చు మాత్రం పంటకాలం చూసి రాదు.

బలమైన డీజిల్ ఇంజను సున్నితమైనది కూడా. ఇంధనాన్ని వెయ్యి బార్లకు మించిన పీడనంతో చిమ్మే యంత్రానికి కల్తీ డీజిల్ శత్రువు. ఈ టీడీఐ ఇంజన్ల టైమింగ్ బెల్టును గడువులోగా మార్చకుంటే, అది తెగిన నాడు ఇంజనే దెబ్బతింటుంది. మసివడపోత అమర్చిన కార్లను సంతకూ బడికీ మాత్రమే నడిపితే ఆ వడపోత పూడుకుపోతుంది. పైగా 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ సంస్థలు ఇక్కడ డీజిల్ కార్లకు స్వస్తి చెప్పాయి. విడిభాగాల లభ్యతను ముందే విచారించుకోవాలి. ఫోక్స్‌వ్యాగన్ బృందం 2015 డిసెంబరులో ఉద్గారాల వ్యవహారంపై దేశంలో 3.23 లక్షలకు పైగా కార్లను సరిదిద్దేందుకు వెనక్కు పిలిచింది. చూస్తున్న బండికి ఆ సవరణ జరిగిందా అన్నది సర్వీసు కేంద్రంలో అడగవలసిన ప్రశ్న.

సరిహద్దు కుటుంబాలు విస్మరించరానిది పత్రాల సంగతి. ఢిల్లీ పరిసరాల్లో 10 ఏళ్లు దాటిన డీజిల్ వాహనాలపై నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో కొంత సడలింపు వచ్చినా, ఆ భయంతో అమ్మిన బండ్లు ఇతర రాష్ట్రాలకు చేరాయి. వేరే రాష్ట్రపు బండికి నిరభ్యంతర పత్రం, అప్పు తీరిందన్న బ్యాంకు పత్రం, ఇక్కడి పన్ను అవసరం. "చిత్తూరు మామయ్య పేరిటే ఉండనీ" అనుకోవడం ప్రమాదకరం. మరో రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే తిరిగి నమోదు చేయించాలని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. నమోదు ఎవరి పేరిట ఉంటే వారే యజమాని అని, ప్రమాద పరిహారపు బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నడిపేది మేనల్లుడు, నోటీసు అందేది మామయ్యకు. బంధుత్వానికి ఇంతకన్నా పరీక్ష వేరే ఉండదు.

కోయంబత్తూరు తెలుగువారిలో ప్రముఖుడైన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం ఆరంభించారు. ఆ బండి తన ఖర్చును తానే సంపాదించింది. ఇంటి కారు అలా సంపాదించదు. ఇంటి సంపాదనతోనే బతుకుతుంది.

కనుక నెలకు 1,500 కిలోమీటర్లకు తక్కువ కాకుండా దూరప్రయాణం ఉన్నవారు, నమ్మకమైన మెకానిక్ దగ్గరలో ఉన్నవారు, కారు ధరలో ఐదోవంతు మరమ్మతుకని విడిగా దాచగలవారు దీని గురించి ఆలోచించవచ్చు. వారు కూడా తెల్లవారుజామున చల్లని ఇంజనును తమ ఎదుటే స్టార్టు చేయించి, పొగను, చప్పుడును గమనించాలి. మీటరు అంకెను సర్వీసు చరిత్రతో పోల్చాలి. అదనపు శక్తి కోసం ఇంజను కంప్యూటరును మార్పించిన బండిని వదిలివేయడం క్షేమం. 2013 బండికి 15 ఏళ్ల నమోదు గడువు 2028లో ముగుస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా చిన్న పెట్రోలు కారే మేలు. ఎద్దును కొనేవాడు పళ్లు పట్టి చూడడంతో ఆగడు, ఇంట గడ్డివాము ఎంతున్నదో కూడా చూసుకుంటాడు. కారు విషయంలోనూ తండ్రీకొడుకులు కలిసి చూసుకోవలసింది ఆ గడ్డివామునే.