పిందెలు దులిపేసుకుని కాయ సైజు మనల్ని అడుగుతారా?

ఈసారి వరి గురించి కాదు, చేప గురించి. "నీకెందుకయ్యా సముద్రం గోల" అనేవాళ్లు మొత్తం చదివి అప్పుడు తిట్టండి.

మొన్న ఉప్పాడ వెళ్లాను. ఇంటర్‌లో నాతో చదివినవాడికి అక్కడ బోటు ఉంది. వాడికి సూర చేప పడింది. సొర కాదండోయ్, సూర, ట్యూనా అంటారే అది. పసుపు రెక్కలది, నలభై కిలోల పైమాటే. కొనేవాడు తోక దగ్గర కోసి చూసి, కండ తెల్లబడిందని రేటు సగానికి దించేశాడు. నాకు మన ధాన్యం, తేమ శాతం, తరుగు గుర్తొచ్చాయి.

కొనేవాడు చెప్పింది అబద్ధం కాదు. గాలానికి పడ్డ సూర పెనుగులాడితే దాని ఒళ్లు కాగిపోతుంది, కండ పాలిపోయి పులుపెక్కుతుంది. వెంటనే రక్తం తీసి ఐసులో పెట్టాలి. చిన్న బోటులో ఐసు ఎంత పడుతుంది చెప్పండి? సరే, మన తప్పు మనం ఒప్పుకుందాం. మరి పెద్ద ఓడల సంగతి ఎవరడగాలి?

హిందూ మహాసముద్రంలో స్పెయిన్, ఫ్రాన్స్ కంపెనీల ఓడలు తెప్పలు వదులుతాయి. దాని నీడకి చేపలు చేరతాయి. తెప్పకి కట్టిన యంత్రం కింద ఎంత చేప ఉందో కొలిచి ఉపగ్రహం ద్వారా ఓడకి చెబుతుంది. వచ్చి రింగు వల చుట్టేయడమే. మన తీరంలో కొట్లాటలయ్యే రింగు వల దాని ముందు చంటిపిల్ల. అందులో ఎక్కువగా పడేది నామాల సూర. అది చిన్న జాతి, త్వరగా ఈడుకొస్తుంది, దానికి నా పేచీ లేదు. దాంతోపాటు పసుపు రెక్కల సూర పిల్లలూ వచ్చేస్తాయి, అర మీటరువి. అర మీటరు చేప రెండున్నర కిలోలు. మీటరు పొడవుకి వస్తే ఇరవై కిలోలు, గుడ్లు పెట్టేది ఆ ఈడులోనే. అన్నీ బతకవు, నిజమే. పూత మొత్తం కాయ అవుతుందా? అయినా పిందెలు దులుపుకునేవాడిని తోట కాపలా పెడతామా?

తెప్పల కింద చేప బక్కచిక్కి ఉంటుందని 2008లో కొందరు శాస్త్రవేత్తలు రాశారు, అది అన్నిచోట్లా నిజం కాదని ఇంకొందరన్నారు. దాన్ని పట్టుకుని నేను వాదించను. సైజు చాలు నాకు.

ఇప్పుడు అసలు మంట. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్. మా వాడు పస్తులుండైనా పాటిస్తాడు. 2023లో మొంబాసా సమావేశంలో ఇండోనేషియా లాంటి తీర దేశాలు, తెప్పల మీద ఏడాదికి 72 రోజులు వేట ఆపాలని తీర్మానం నెగ్గించుకున్నాయి. ఐరోపా కూటమి అభ్యంతరం రాసింది, ఇంకొన్ని దేశాలూ రాశాయి, అది అమలు కాలేదు. 61 రోజులు పేదోడికి కుదిరింది, 72 రోజులు ఓడకి కుదరలేదట!

2015లో ఈ సూర మితిమీరి పట్టేశారని తేల్చారు, 2024 లెక్కలో కోలుకుందన్నారు. సంతోషం. ఒక ఏడు కాపు బాగుందని పిందెలు దులపడం ఒప్పయిపోద్దా? ఇంకోటీ చెప్పాలి, తీర దేశాల వలల్లోనూ పిల్లలు పడుతున్నాయి, అందులో మన వలలూ ఉన్నాయి. అదీ మానాలి. అడిగే నోరు శుభ్రంగా ఉండాలి కదా.

"డబ్బాలో చవకగా చేప తినిపిస్తున్నాం" అంటారు వాళ్లు. చవక ఎవరికి? రెండేళ్ల తర్వాత ఇరవై కిలోల చేప దొరకాల్సిన మా వాడికి చవకా?

మీ ఎమ్మెల్యేనో, మత్స్యశాఖ వాళ్లో కనబడితే రెండే అడగండి. చిన్న బోట్లకి మంచి ఐసు పెట్టెలు, రక్తం తీసే పద్ధతిలో శిక్షణ. తెప్పల వేటకి ఆ 72 రోజులు మళ్లీ పట్టుబట్టమని ఢిల్లీకి ఉత్తరం. ఈ నెల 15 నుంచి మా వాడి బోటు ఒడ్డునే ఉంటుంది, అర్జీ మీద సంతకాలకి ఉప్పాడ వెళ్తున్నాను. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి.