ప్రతిని సరిచూడడమూ రచనలో భాగమే

మహానంది మండలం నుండి ఒక సోదరి ఇలా వ్రాశారు: “నవల పూర్తిచేశాను. ప్రచురణకర్తకు పంపేముందు ఏమేమి సరిచూసుకోవాలి? మన ఇళ్ళలో పలికే మాటలను వారు మార్చమంటే ఏం చేయాలి?”

పూర్వం మన విద్యాలయాల్లో గ్రంథానికి నకలు వ్రాయగానే విద్యార్థి పని ముగిసేది కాదు. ఒకరు మూలప్రతిని చదువుతుండగా తన నకలును అక్షరమక్షరం పోల్చుకునేవాడు. దీన్నే ముకాబలా అంటారు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ కూడా తెలుగు ప్రతులను సేకరించి, వాటిలోని పాఠభేదాలను పండితులచేత పోల్చి చూపించేవారు. 1829లో వెలువడిన ఆయన వేమన పద్యాల సంపుటి వెనుక అటువంటి శ్రమే ఉంది.

కనుక ముందుగా ఒక పదపట్టిక తయారుచేసుకోండి. నమాజ్, నమాజు, ఖుర్ఆన్, ఖురాన్, రమజాన్, రంజాన్. ఏ రూపాన్ని ఎంచుకున్నా చివరి పుట దాకా దానినే వాడండి. వరసలు చూసుకోండి. మూడో అధ్యాయంలో ఖాలా అయిన ఆమె పదో అధ్యాయంలో ఫుప్పూ కాకూడదు. కాలాన్నీ లెక్క చూసుకోండి. చాంద్రమానం వల్ల రమజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2000వ సంవత్సరంలో అది నవంబరు చివర మొదలైంది. ఆ ఏటి ఉపవాసాలను నంద్యాల మండుటెండల్లో చూపితే కథపై నమ్మకం సడలుతుంది.

టైపు ప్రతి అను ఫాంట్లలో కావాలో, యూనికోడ్‌లో కావాలో ముందే అడగండి. ఒకదాని నుండి మరొకదానికి మార్చినప్పుడు ఒత్తులు చెదరవచ్చు. మార్చిన ప్రతిని మళ్ళీ మొదటి నుండి చదవాలి.

ఇక రెండో ప్రశ్న. ‘వ్రాయు’ అనాలా ‘రాయు’ అనాలా, అంకెలు, విరామచిహ్నాలు ఎలా ఉండాలి అన్నవి ప్రచురణ సంస్థ పద్ధతికి సంబంధించినవి. వాటిపై వాదన అనవసరం. పాత్రల పలుకు మాత్రం వేరు. ‘జేజి’ని ‘నానమ్మ’గా, ‘అబ్బా’ను ‘నాన్న’గా మారిస్తే ఆ ఇల్లే మరో ఇల్లవుతుంది. అక్కడ మీ కారణాన్ని మర్యాదగా వివరించండి. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలు కడప ప్రాంతపు ముస్లిం ఇళ్ళ జీవితాన్ని ఆ పలుకుబడితోనే చెప్పి, సాహిత్య అకాడమీ యువ పురస్కారం పొందాయి.

అయితే పాఠకునికి అర్థం కావాలన్న సంపాదకుని కోరిక న్యాయమైనదే. “తెల్లవారకముందే సహరీకి లేచి అన్నం వండింది” అంటే చాలు, వేరే వివరణ అక్కరలేదు. ప్రవక్త పేరు పక్కన (స) అని వ్రాయడం కథనంలో చెల్లుతుంది. సంభాషణలో మాత్రం పూర్తి మాటే వ్రాయండి. కుండలీకరణాల్లో ఎవరూ మాట్లాడరు కదా!

చివరి ప్రూఫు వచ్చినప్పుడు ఇంట్లో ఒకరిని బిగ్గరగా చదవమని, మీరు మీ ప్రతితో సరిచూడండి. ముద్రణ అయ్యాక పుస్తకంపై ఉండేది సంపాదకుని పేరు కాదు, మీ పేరు.