నాలుగో పుస్తకం చిన్నోళ్ళకి వద్దనమాకండి



హారీ పోటర్ పుస్తకాల్లో నాలుగోది ‘గోబ్లెట్ ఆఫ్ ఫైర్’. దాన్ని ఆరు, ఏడు తరగతుల వాళ్ళకి ఇవ్వగూడదని మన హాస్టల్లో ఒక మాట నడుస్తోంది. అందులో శ్మశానం ఉంది, చావులున్నాయి, పిల్లలు రాత్రిళ్ళు జడుసుకుంటారంట. నేనీ మాటకి ఒప్పుకోను. ఏడు పుస్తకాల్లోనూ నాకు ఎక్కువ ఇష్టమైంది అదే.

మొదటి మూడూ ఒక తీరు. భయం ఉంటుంది గానీ చివరి పేజీకల్లా సర్దుకుంటుంది. పాత చందమామ బైండుల్లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు చదివినవాళ్ళకి ఇది తెలుసు. ఎంతమంది మాంత్రికులు అడ్డమొచ్చినా మనవాడు క్షేమంగా ఇంటికొస్తాడు. 2000 జులైలో వచ్చిన ఈ నాలుగోది ఆ ధీమా తీసేసింది. 1997 నాటి మొదటి పుస్తకం 223 పేజీలైతే ఇది 636. క్విడిచ్ ప్రపంచ కప్పు దగ్గర కాస్త సాగదీశారు, అది వేరే సంగతి.

సెడ్రిక్ డిగరీ మంచివాడు. పోటీలో హారీ, తనూ కలిసి కప్పు పట్టుకుంటారు. అది తీసుకెళ్ళి శ్మశానంలో పడేస్తుంది. అక్కడ అతన్ని చంపేస్తారు. ఎందుకు? అతనితో వాళ్ళకి పని లేదు, అందుకు. అంతే. అతను చేసిన తప్పేమీ లేదు.

ఇది పిల్లలకి తెలియని సంగతా? 1977 నవంబరు 19 ఉప్పెన గురించి చెప్పని నాయనమ్మ దివిసీమలో ఉంటదా? సొర్లగొంది, నాగాయలంక, కోడూరు వైపు వాళ్ళం అన్నం తింటూ విన్నాం ఆ కథలు. అప్పుడు మాకు ఆరేళ్ళు కూడా లేవు. చిన్నపిల్లలు జడుసుకుంటారు, చెప్పమాకండి అని ఎవరూ అనలేదు. పోయినవాళ్ళ పేర్లు తలుచుకోవాలి గనక చెప్పారు. ఆ పుస్తకంలో డంబుల్‌డోర్ కూడా అదే చేస్తాడు. మంత్రి ఫడ్జ్ నమ్మనన్నా, పైవాళ్ళకి ఇష్టం లేకపోయినా, సెడ్రిక్ ఎలా చనిపోయాడో పిల్లలందరి ముందూ చెప్పేస్తాడు.

అసలు నాకు శ్మశానం కంటే చీకటిగా అనిపించిన చోట్లు రెండున్నాయి. మొదటి అధ్యాయంలోనే ఫ్రాంక్ బ్రైస్ అనే తోటమాలి ఉంటాడు. దొరల ఇంట్లో మూడు చావులు జరిగితే ముందు అతన్నే పట్టుకుపోతారు. రుజువు లేక వదిలేస్తారు గానీ ఊరు మాత్రం వదలదు. ఇంకొకటి వింకీ అనే ఇంటిపనిమనిషి కథ. దాని చేతిలో మంత్రదండం దొరికిందని యజమాని బట్టలిచ్చి వెళ్ళగొడతాడు. మంత్రం వేసింది ఆయన కన్నకొడుకే! అది ఆయన గ్రహించాడు కూడా.

ఊళ్ళో ఏదన్నా పోతే ముందు మన పేటకే వస్తారు, అది మనకెవరూ చెప్పక్కర్లేదు. ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే దొంగలుగా రాసిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పెట్టిన సెటిల్‌మెంటే. 1952లో చట్టం రద్దయింది. చూపు ఇంకా రద్దు కాలేదు. స్కాట్లండులో కూచుని రాసినావిడకి వింకీ బాధ ఎలా తెలిసిందో గానీ, హెర్మయనీ దాని కోసం సంఘం పెడితే అందరూ నవ్వినట్టు రాయడం నాకు నచ్చలేదు. నవ్వాల్సిన విషయం కాదది.

వార్డెను గారూ, పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయమాకండి. ఇంగ్లీషు కష్టమైన చోట తొమ్మిదో తరగతి వాళ్ళం ఆదివారం మధ్యాహ్నం కూర్చోబెట్టి తెలుగులో చెప్తాం. శ్మశానం అధ్యాయం రాత్రిపూట చదవం, అదైతే ఒప్పుకుంటున్నాం. ఉన్నది ఒక్కటే కాపీ, అట్ట ఊడిపోయింది, తీసుకునేవాళ్ళు పేజీలు మడతపెట్టొద్దు.