పనులు సాగినన్నాళ్లూ మూసీకి కాపలా ఎవరు?

మురుగునీటి శుద్ధి కేంద్రం గురించి పత్రికల్లో పెద్ద వార్త వచ్చేది రెండే రోజులు. ఒకటి శంకుస్థాపన రోజు, రెండోది ప్రారంభోత్సవం రోజు. ఆ రెంటి నడుమ ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లన్నిటా గోడ లోపల ఏం తవ్వుతున్నారో, పక్కన పారే నదిలోకి ఏం వదులుతున్నారో, గోడకు ఆనుకుని ఉన్న బస్తీలో జనం ఏ గాలి పీలుస్తున్నారో చెప్పే కాగితం మాత్రం మన చేతికి రాదు. ఈ వారం అడగదలచుకున్నది ఆ కాగితం గురించే.

విస్తరణ వద్దనే మాట నా నోట రాదు. 2021లో ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం హైదరాబాద్ మహానగరంలో రోజుకు 195 కోట్ల లీటర్ల మురుగు పుడుతోంది. అందులో జీహెచ్ఎంసీ పరిధిలోనిదే 165 కోట్ల లీటర్లు. అప్పటికున్న 25 శుద్ధి కేంద్రాల సామర్థ్యం 77.2 కోట్ల లీటర్లు. మిగిలింది నాలాల వెంట చెరువుల్లోకి, మూసీలోకి పోవాల్సిందే. అందుకే రూ.3,866 కోట్లతో కొత్తగా 31 కేంద్రాలు కట్టాలని ఆ ఏడాది నిర్ణయించారు. అవన్నీ కొత్త చోట్ల లేవలేదు, కొన్ని పాతవాటి పక్కనే మొదలయ్యాయి. అంబర్‌పేటలో పాత కేంద్రం 33.9 కోట్ల లీటర్లది, దాని పక్కన మరో 21.25 కోట్ల లీటర్లకు కట్టాలనుకున్నారు. నాగోలులో 17.2 కోట్ల లీటర్లది ఉండగా మరో 32 కోట్ల లీటర్లకు ప్రణాళిక వేశారు. దేశం మొత్తం మీద చూసినా పరిస్థితి ఇంతే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో తీసిన లెక్కలో పట్టణాల మురుగు రోజుకు 7,236 కోట్ల లీటర్లు, అందులో నిజంగా శుద్ధవుతున్నది 28 శాతం. కేంద్రాలు కట్టాలి, పెంచాలి, ఇంకా వేగంగా పెంచాలి.

అయితే కొత్త కేంద్రం కట్టడం వేరు, నడుస్తున్న కేంద్రాన్ని పెంచడం వేరు. ఊరి మురుగు ఒక్క గంట కూడా ఆగదు. పొద్దున ఏడు నుంచి పది దాకా ఇంటింటి స్నానాలు, వంటపాత్రలు, బట్టలు కలిసి ఒక్కసారిగా పోటెత్తుతుంది. ఆ పోటును పాత కేంద్రం తట్టుకుంటూ ఉండగానే దాని పక్కన పునాదులు తవ్వాలి. నది ఒడ్డున నాలుగు నిలువుల లోతు తవ్వితే నీరు ఊరుతుంది. ఆ ఊటనీటిని రాత్రింబవళ్లు మోటార్లు పెట్టి తోడి బయటకు వదులుతారు. అది మట్టి కలిసిన ఎర్రనీరు. నాలాలోకో నేరుగా నదిలోకో పోతుంది. దీని తర్వాత అసలు గండం ఒకటుంది. పాత కాలువనుంచి కొత్త తొట్టెలకు గొట్టాలు కలిపే రోజున కొన్ని గంటల పాటు వచ్చే మురుగును మళ్లించాలి. నిల్వకు తొట్టె ఉంటే నిల్వ చేస్తారు, లేకపోతే బైపాస్ గేటు ఎత్తుతారు. శుద్ధి లేకుండానే అది నదిలో కలుస్తుంది. ఆ తర్వాత కూడా గండం తీరదు. కొత్త తొట్టెల్లో మురుగును తినే సూక్ష్మజీవులు పెరిగి నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. అంతవరకు బయటికొచ్చే నీరు సగం శుద్ధే. రిబ్బను కత్తిరించిన రోజునుంచే నీరు తేటగా వస్తుందని అనుకోవడం పొరపాటు.

ఇక కంపు సంగతి. అంబర్‌పేట పాత కేంద్రం గాలి తగలని తొట్టెల్లో మురుగును కుళ్లబెట్టి శుద్ధి చేసే పద్ధతిలో కట్టింది. అందులో మీథేన్‌తో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. చాలా తక్కువ మోతాదులోనే మన ముక్కు దాన్ని పసిగడుతుంది. మోతాదు బాగా పెరిగితే అదే ముక్కు మొద్దుబారి, వాసన పోయిందని చెబుతుంది. మనిషి ప్రాణం పోయేది అప్పుడే. మ్యాన్‌హోళ్లలో దిగిన కార్మికులు ఒకరి వెనక ఒకరు కుప్పకూలే ఘటనల వెనక ఉండేది ఎక్కువగా ఈ వాయువే. పాత తొట్టెల మూతలు తీసినా, అడుగున పేరుకున్న బురదను కదిలించినా ఇది బయటపడుతుంది. విస్తరణ పనుల్లో ఈ రెండూ చేయక తప్పదు. కాబట్టి ఆ గోడ చుట్టూ ఈ వాయువును కొలిచే యంత్రం ఉండాలి, దాని అంకె బయటికి కనిపించాలి. బస్తీవాళ్లు కంపు కొడుతోందని ఫోన్ చేస్తే, శుద్ధి కేంద్రం పక్కన ఉండి కంపు అంటే ఎలా అని అటునుంచి జవాబు వచ్చే పరిస్థితి పోవాలంటే అంకె ఒక్కటే దారి.

చట్టం ఏమంటోంది? పర్యావరణ ప్రభావ మదింపుకు సంబంధించిన 2006 నోటిఫికేషన్‌లో పరిశ్రమల ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రాల పేరుంది. ఊరి మురుగు శుద్ధి కేంద్రాల పేరు లేదు. అంటే రోజుకు 32 కోట్ల లీటర్ల కేంద్రం కట్టినా ముందస్తు మదింపు అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. 1974 నాటి జలచట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి చాలు. ఆ అనుమతి ప్రధానంగా చూసేది కట్టడం పూర్తయ్యాక చివరి గొట్టం దగ్గర నీరు ఎలా ఉందని. కట్టేటప్పటి సంగతి దాదాపుగా కాంట్రాక్టరు విజ్ఞతకే వదిలేసినట్టు.

ఇదే పని హాంకాంగ్‌లో ఎలా చేస్తారో చూస్తే మనం ఏం పోగొట్టుకుంటున్నామో అర్థమవుతుంది. అక్కడి పర్యావరణ మదింపు చట్టం 1998 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. రోజుకు కోటిన్నర లీటర్లు దాటిన ఏ మురుగు కేంద్రమైనా దాని కిందికి వస్తుంది. స్టోన్‌కటర్స్ దీవిలోని కేంద్రాన్ని అక్కడ 170 కోట్ల లీటర్ల నుంచి 245 కోట్ల లీటర్లకు పెంచారు, పాతది ఆపకుండానే. 2015 డిసెంబరులో అది పూర్తయింది. మన నగరం మురుగంతా పోసినా ఇంకా చోటుండేంత కేంద్రం అది.

అక్కడి పద్ధతి ఇలా ఉంటుంది. మొదటి పార పడకముందే చుట్టుపక్కల గాలి, శబ్దం, నీరు కొలిచి రాసిపెడతారు. రేపు ఏదైనా చెడితే ఎంత చెడిందో చెప్పడానికి అదే కొలబద్ద. పనులు మొదలయ్యాక కొలిచే బృందం ఒకటి, వాళ్ల కొలతలు సరిచూసే స్వతంత్ర పరిశీలకుడు వేరొకరు. కట్టేవాడి పుస్తకంలో కట్టేవాడే సంతకం పెట్టుకునే వీలు ఉండదు. ప్రతి కొలతకూ రెండు గీతలు గీస్తారు. మొదటి గీత దాటితే కారణం వెతికి పద్ధతి మార్చాలి, కొలతలు పెంచాలి. రెండోది దాటితే సరిదిద్దేదాకా ఆ పని ఆపించవచ్చు. ఇళ్ల దగ్గర పగటి పని శబ్దానికి రెండో గీత 75 డెసిబెళ్లు. మరి మొదటి గీత ఎక్కడ? అక్కడ అంకె లేదు. ఒక్క నివాసి ఫిర్యాదు రాతపూర్వకంగా నమోదైతే మొదటి గీత దాటినట్టే. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. నిద్రపట్టని ఒక ముసలావిడ మాటకు యంత్రం కొలతతో సమానమైన విలువ కట్టారు. నెలనెలా ఈ నివేదికలు ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెడతారు.

హాంకాంగ్ ధనిక నగరం, మనకెలా సాధ్యమని ఎవరైనా అనవచ్చు. సాధ్యమే. మనమే చేస్తున్నాం, వేరేవాళ్ల కోసం. ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో మన రాష్ట్రాల్లో నీళ్లు, మురుగు పనులు ఎక్కడ జరిగినా పర్యావరణ పర్యవేక్షణ నివేదికలు క్రమం తప్పకుండా బ్యాంకుకు వెళ్తాయి, ఎక్కువగా ఆరు నెలలకోసారి. విశాఖ – చెన్నై పారిశ్రామిక కారిడార్ పనుల నివేదికలు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. దుమ్ము ఎంత, శబ్దం ఎంత, చెట్లెన్ని కొట్టారు, కూలీలకు మరుగుదొడ్లున్నాయా, అన్నీ ఫొటోలతో సహా ఉంటాయి. అదే ఇంజినీర్లు, అదే రకం కాంట్రాక్టర్లు. అప్పిచ్చినవాడు అడిగితే రాసే నివేదిక, పన్ను కట్టినవాడు అడిగితే ఎందుకు రాయరు?

కొలిచే పద్ధతి గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే అంకెలు ఇవ్వడం మొదలుపెట్టాక వాటిలో ఏమి దాగుతుందో పాఠకులకు తెలియాలి. నీటిలో సేంద్రియ మలినం ఎంతుందో చెప్పే కొలతను బీఓడీ అంటారు. నమూనా నీటిని సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, బిరడా బిగించి, 27 డిగ్రీల వేడిమిలో మూడు రోజులు చీకట్లో ఉంచుతారు. ముందు ఎంత ఆక్సిజన్ ఉంది, మూడు రోజుల తర్వాత ఎంత మిగిలింది అని చూస్తారు. సూక్ష్మజీవులు తిన్నది ఆ తేడా. అంటే ఇవాళ్టి అంకె మూడు రోజుల కిందటి నీటి సంగతి చెబుతోంది. పైగా ఆ సీసా ఎన్ని గంటలకు నింపారన్నదే అసలు ప్రశ్న. మధ్యాహ్నం మూడింటికి, పోటు తగ్గాక ఒక చెంబుడు పట్టుకెళ్తే నీరు బాగానే ఉంటుంది. 24 గంటల పాటు గంటగంటకూ కొంచెం కొంచెం తీసి కలిపిన నమూనా నిజం చెబుతుంది. మూసీ నీటిని కాలుష్య నియంత్రణ మండలి నెలకోసారి పరీక్షిస్తోంది, ఆ పని మెచ్చుకోదగ్గదే. కానీ ఆరు గంటల బైపాస్ నెలకోసారి నింపే సీసాలో పడదు.

ఏ గీతతో పోల్చాలన్నదీ స్పష్టంగా చెప్పాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో మెట్రో నగరాలకు బీఓడీ లీటరుకు 20 మిల్లీగ్రాములు అంది. మలసంబంధ బ్యాక్టీరియాకు 100 మిల్లీలీటర్లకు వెయ్యి దాకా ఒప్పుకుంది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ రెంటినీ బాగా బిగించి 10కి, 230కి తెచ్చింది. బోర్డు మీద అంకె వేసినప్పుడు ఏ గీతకు పోలుస్తున్నారో పక్కనే రాయకపోతే, 18 వచ్చినా బాగుందనే అంటారు.

అంబర్‌పేటకు ఇంకో ప్రత్యేకత ఉంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రంనుంచి వచ్చే పరిశ్రమల నీటిని 18 కిలోమీటర్ల గొట్టం వేసి నగరపు పెద్ద మురుగు కాలువకు కలిపారు. అది ఊరి మురుగుతో కలిసి అంబర్‌పేటకు చేరుతుంది. ఆ పటాన్‌చెరు కేంద్రం వదిలిన నీటిలోనే 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు చూపింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ప్రపంచమంతా మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి మాట్లాడేటప్పుడు మన పటాన్‌చెరు పేరు వస్తున్నది ఇందుకే. బీఓడీ సీసా ఈ మందు సంగతి చెప్పలేదు. సామర్థ్యం పెంచేటప్పుడు లోపలికి వచ్చే నీటిలో యాంటీబయాటిక్‌లు ఎంతున్నాయో, బయటికి వెళ్లేదాంట్లో ఎంతున్నాయో కొలవకపోతే, సమస్యను మరింత పెద్ద గొట్టంలో కిందికి పంపినట్టే అవుతుంది.

కొలవడం మనకు చేతకాదా? 2020 ఆగస్టులో, కరోనా విజృంభిస్తున్న రోజుల్లో, సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఇదే నగరపు శుద్ధి కేంద్రాలకు వచ్చే మురుగులో వైరస్ ఆనవాళ్లు పట్టి, ఎన్ని లక్షల మందికి సోకి ఉండవచ్చో అంచనా కట్టారు. తార్నాకలో, హబ్సిగూడలో ఉన్న ఆ ప్రయోగశాలలకు అంబర్‌పేట కూతవేటు దూరం. స్వతంత్ర పరిశీలకుడి కోసం వేరే దేశం వెళ్లనక్కర్లేదు.

కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు కూడా. జలచట్టంలోని 25వ సెక్షన్ కింద ఇచ్చే అనుమతికి షరతులు పెట్టే అధికారం మండలికి ఇప్పటికే ఉంది. 2017 ఫిబ్రవరిలో పర్యావరణ సురక్షా సమితి కేసులో సుప్రీంకోర్టు కాలుష్యం కొలతలను ఎప్పటికప్పుడు ప్రజలకు కనిపించేలా పెట్టమని ఆదేశించింది. పనులు మొదలవకముందే తొలి కొలతలు తీసి ప్రకటించాలని, నిర్మాణం జరిగినన్నాళ్లూ స్వతంత్ర ప్రయోగశాల చేత కొలిపించి నెలనెలా తెలుగులో, ఉర్దూలో పెట్టాలని షరతు రాస్తే చాలు. ఇంకా పనులు సాగుతున్న చోట్ల తొలి కొలతలకు వేళ మించింది. నెలనెలా నివేదికకు మించలేదు.

ఇంకొక్కటి, దీనికి ఖర్చు కూడా లేదు. అంబర్‌పేట దిగువన మూసీ మీద నిజాంల కాలంనుంచీ కత్వలు, అంటే నీటిని కాలువల్లోకి మళ్లించే అడ్డుకట్టలు, ఉన్నాయి. వాటి కాలువల మీద పీర్జాదిగూడ మొదలుకొని పారాగడ్డి పెంచి నగరంలోని బర్రెల మేతకు అమ్ముకునేవాళ్లున్నారు. ఇంకా కిందికి ఏదులాబాద్ చెరువు కింద, భువనగిరి, వలిగొండ వైపు వరి వేసేవాళ్లున్నారు. బైపాస్ గేటు ఎత్తే రోజు ఇంజినీర్లకు వారం ముందే తెలుసు. ఆ తేదీ, ఆ గంట రైతులకు చెప్పాలి. గ్రామ పంచాయతీకి ఒక ఫోను, రైతుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం సరిపోతుంది. ఆ రోజు తూము మూసుకోవాలా, నారుమడికి నీళ్లు వదలాలా అన్నది వాళ్లు తేల్చుకుంటారు.